రోడ్డంతా కొత్త పైపు వేశారు, కల్వర్టు దగ్గర మాత్రం పాతదే వదిలేశారు. ఎవరినడగాలి?

కాలవగట్టు
ఆదివారం, రాత్రి 8:20

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలోనే ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు మాత్రం అడగొద్దు, మా బావమరిది ఆ ఆఫీసులోనే పనిచేస్తాడు, నా వల్ల వాడికి మాట రాకూడదు.

సంగతేందంటే, మా రోడ్డులో పోయినేడు పాత ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపును భూమిలోనే వదిలేసి పక్కన నల్లది, గట్టి ప్లాస్టిక్‌ది, హెచ్‌డీపీఈ పైపు వేశారు. 160 మిల్లీమీటర్ల సైజు. ఇంటింటికీ కొత్త కనెక్షన్ ఇచ్చి బాగానే చేశారు, కాదనను. రోడ్డు మధ్యలో ఒక కల్వర్టు ఉంది. కింద పారేది ఒకప్పుడు పంటకాలువ, ఇప్పుడు సగం పంటకాలువ, సగం మురుగు. అక్కడికి రాగానే కొత్త పైపు ఆగిపోయింది. అవతలి గట్టు మీద మళ్ళీ కొత్తది మొదలైంది. మధ్యలో 12 మీటర్లు నేను పుట్టకముందు వేసిన పోత ఇనుప పైపునే ఉంచి, రెండు చివర్లా అతికించి వెళ్ళిపోయారు. అడిగితే ‘కల్వర్టు మా ఎస్టిమేట్‌లో లేదండీ’ అన్నాడు కాంట్రాక్టరు.

ఆ ముక్క తూము నోటికి అడ్డంగా, కాలువ నిండితే మునిగే ఎత్తులో ఉంది. మాకు రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి నీళ్ళొస్తాయి, గంటసేపు. మొదటి పది నిమిషాలు కాలవ అడుగు బురద వాసన.

ఈ పొద్దున పంచె ఎగ్గట్టి కిందికి దిగాను. మధ్య జాయింటుకి సైకిలు ట్యూబు చుట్టి బైండింగ్ వైరుతో కట్టి ఉంది, అందులోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఏడింటికి సప్లై ఆపారు, చిమ్మడం ఆగింది. సరేలే అని గట్టెక్కబోతూ ఊరికే వెనక్కి చూశాను. నీళ్ళ మీద తేలే నాచు ఆ జాయింటు వైపు మెల్లగా కదులుతోంది. పైపు లోపలికి లాక్కుంటోంది! ఆ క్షణం నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంట్లో రెండేళ్ళ మనవరాలు ఉంది.

ఇది మార్చాలంటే ఎవరు మార్చాలి, ఏ పైపు వెయ్యాలి, అప్పటిదాకా ఏం చెయ్యాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.


మైపాడుగేటు
ఆదివారం, రాత్రి 8:41

కొత్త చొక్కాకి పాత కాలరు కుట్టించుకున్నారన్నమాట. బిల్లు మాత్రం చొక్కా మొత్తానికీ అయ్యుంటది అన్నా.


రిటైర్డ్‌ఫిట్టర్
ఆదివారం, రాత్రి 9:30

బాబూ, ముప్పై ఒక్క సంవత్సరాలు వాటర్ వర్క్స్‌లో ఫిట్టరుగా చేసి దిగినవాణ్ణి. నువ్వు చూసింది నిజమే, భ్రమ కాదు.

నీళ్ళు ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ళవాళ్ళు ఇంకా పట్టుకుంటూనే ఉంటారు, కొంతమంది కుళాయికే మోటారు బిగించి లాగుతారు. పై భాగంలో నీరు పోయిన చోట ఏదో ఒకటి చేరాలి కదా, గాలి దొరికితే గాలి, జాయింటు మురుగులో మునిగి ఉంటే మురుగు. ఇరవై నాలుగ్గంటలూ నీళ్ళుండే ఊళ్ళో చిల్లు పడితే నీళ్ళు బయటికే పోతాయి, నష్టం నీళ్ళకే. మన ఊళ్ళలో మాదిరి గంట ఇచ్చి ఆపేచోట అదే చిల్లు రెండు వైపులా పనిచేస్తుంది.

ఇక ఆ పైపు సంగతి. పోత ఇనుము అంత తేలిగ్గా చావదు. పోయేది జాయింటు. మా కాలంలో సాకెట్లో ముందు జనపనార తాడు దిగ్గొట్టి, దాని మీద కరిగించిన సీసం పోసి, ఉలి పెట్టి చుట్టూ సమ్మెటతో కొట్టి బిగించేవాళ్ళం. భూమిలో కదలకుండా ఉంటే ఆ జాయింటు మా కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. కల్వర్టు దగ్గర లారీ పోయినప్పుడల్లా అదురుతుంది, సీసం మెత్తది, మెల్లగా బయటికి జరుగుతుంది. అప్పుడొకసారి ఉలితో మళ్ళీ కొట్టి బిగిస్తే సరిపోయేది. ఇప్పుడా ఉలి పట్టేవాడే లేడు, అందుకే సైకిలు ట్యూబు.

ఇంకో చోటు చూడు. పైపు మట్టిలోంచి గాలిలోకి వచ్చే చోట, గట్టు అంచున, ఒక జానెడు. ఎప్పుడూ సగం తడి సగం పొడి. తుప్పు అక్కడ ఎక్కువగా తింటుంది. సుత్తితో మెల్లగా తట్టు. గంట మోగినట్టుంటే బతికే ఉంది, కుండ పగిలిన శబ్దం వస్తే గట్టిగా కొట్టకు, అక్కడే విరుగుతుంది.

రేపే చెయ్యాల్సిన పని: ట్యూబు విప్పించి రెండు ముక్కల రిపేరు క్లాంపు వేయించు, లోపల రబ్బరు షీటుతో వస్తుంది. అది మందు కాదు, కట్టు మాత్రమే. కానీ నెలా రెండు నెలలు ఆపుతుంది.


పులుసుచెంబు
ఆదివారం, రాత్రి 10:05

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. పెద్దాయన పైపు సంగతి చెప్పారు, నేను నీళ్ళ సంగతి చెప్తాను.

కాలవగట్టు గారూ, మొదటి పది నిమిషాల నీళ్ళు తాగడానికి, వంటకి వాడకండి. తర్వాత వచ్చేవి కూడా మరగబెట్టండి, బుడగలొచ్చేదాకా కాదు, బాగా తెర్లేదాకా. పాపకైతే మరగబెట్టనివి పళ్ళు తోమడానిక్కూడా వద్దు.

ఊరికే వాసనొస్తోంది అని చెప్తే ఎవరూ రాసుకోరు. చివరి కుళాయి దగ్గర క్లోరిన్ చూడండి. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర చిన్న టెస్టు కిట్టు ఉండాలి, గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి అంటుంది మన దేశపు తాగునీటి ప్రమాణం. కల్వర్టుకి ఇవతలి ఇంట్లో ఒకటి, అవతలి ఇంట్లో ఒకటి, ఒకే సమయంలో పట్టండి. ఇవతల రంగు వచ్చి అవతల రాకపోతే ఇంకేం మాట్లాడక్కర్లేదు, ఆ రెండు గొట్టాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీయండి.

ఇంకొకటి, హెచ్‌టూఎస్ సీసా అని దొరుకుతుంది. నీళ్ళు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, మలం కలిసిన నీళ్ళయితే నల్లగా మారతాయి. మా పిల్లలతో ఏటా చేయిస్తాను. మాటలతో చెప్తే నవ్వుతారు గానీ, నల్ల సీసా చూశాక ఆ రోజు ఒక్కడూ స్కూలు కుళాయి దగ్గరికి పోడు.


సైటుమనిషి
సోమవారం, పొద్దున 7:10

నేను కాంట్రాక్టర్ల దగ్గర సైట్ ఇంజనీరుగా చేస్తాను, కాబట్టి తిట్లు నాకే తగులుతాయి, ఫర్వాలేదు.

కల్వర్టు ఎందుకు వదిలేస్తారో చెప్తా. ఎస్టిమేట్ వేసేటప్పుడు రోడ్డు పొడవు కొలిచి మీటరు లెక్కన గాడి తవ్వకం, పైపు, పూడ్చడం వేస్తారు. కల్వర్టు ఆ లెక్కలోకి రాదు. అక్కడ బెండ్లు, ఫ్లాంజులు, దిమ్మెలు, ఎయిర్ వాల్వు, రంగు, అన్నీ విడి ఐటమ్స్. పైగా కింద కాలువ ఇరిగేషన్ వాళ్ళది, మీద రోడ్డు కొన్నిచోట్ల మున్సిపాలిటీది, కొన్నిచోట్ల ఆర్ అండ్ బీది, పైపు మున్సిపాలిటీది. 12 మీటర్ల ముక్కకి ఇద్దరు ముగ్గురి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) కావాలి. 700 మీటర్ల పని మూడు వారాల్లో అయిపోతుంది, ఆ కాగితాలు రావడానికి మూడు నెలలు. టెండరు గడువు ముంచుకొస్తుంటే ‘కల్వర్టు తర్వాత చూద్దాం’ అని అటూ ఇటూ కలిపేసి బిల్లు పెడతారు. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. నేను పనిచేసిన ఊళ్ళలో సగం ఇదే కథ.

అన్నా, మీరు చెయ్యాల్సింది కొత్త పని అడగడం కాదు. ‘కల్వర్టు క్రాసింగు మిగులు పని’ అని విడిగా చిన్న ఎస్టిమేట్ వేయించమని అడగండి. పెద్ద టెండరు అక్కర్లేదు, చిన్న పని కింద పోతుంది. అర్జీలో పైపు పొడవు, సైజు, కాలువ వెడల్పు, వరద నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో గుర్తు, ఈ నాలుగూ రాయండి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) మీ దగ్గరికొచ్చి కొలిచే లోపల ఆ కాగితం మీద కొలత ఉంటే సగం పని అయినట్టే.

మోటార్ల సంగతి పెద్దాయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ మీ వీధిలో ఆ మాట ఎత్తితే నీళ్ళ గొడవ పోయి మోటార్ల గొడవ మొదలవుతుంది. జాగ్రత్త.


ఒంగోలుగిత్త
సోమవారం, పొద్దున 9:25

మేం ప్రకాశం జిల్లా వాళ్ళం, నీళ్ళ కష్టాలు మాకు చెప్పక్కర్లేదు. ఒంగోలుకి సాగర్ కుడికాలువ నీళ్ళు రామతీర్థం మీదుగా రావాలి, సమ్మర్ స్టోరేజీ చెరువుల్లో నింపుకోవాలి, అప్పుడు కుళాయి. అంత దూరం నుంచి తెచ్చిన నీళ్ళని చివర్లో మురిక్కాలువ దగ్గర పాడుచేసుకోవడం కన్నా పాపం ఇంకోటి లేదు.

నాకు అర్థంకానిది ఒకటి, అంత తతంగం ఎందుకు? అదే నల్ల పైపు తెచ్చి కల్వర్టు పిట్టగోడకి ఇనప క్లాంపులు కొట్టి వేలాడదీస్తే పోయె. తుప్పు పట్టదు, తేలిక, జాయింటు లేకుండా ఒకే ముక్క వస్తుంది. మా వైపు ఒక ఊళ్ళో అట్టానే చేశారు.


సైటుమనిషి
సోమవారం, మధ్యాహ్నం 1:40

గిత్తన్నా, అట్టా చేసిన పైపు మే నెలలో పోయి చూడు, పాములా మెలికలు తిరిగి ఉంటుంది.

లెక్క చెప్తా. హెచ్‌డీపీఈ ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకి 0.18 మిల్లీమీటరు దాకా సాగుతుంది. 12 మీటర్ల ముక్క, పొద్దుటికీ మధ్యాహ్నానికీ 30 డిగ్రీల తేడా అనుకో, ఆరు సెంటీమీటర్లకి పైన సాగాలి. రెండు చివర్లా గట్టులో బిగిసి ఉంటే సాగే చోటు లేక పక్కకి వంగుతుంది, రాత్రి చల్లబడ్డాక లాక్కుంటుంది. రోజుకొకసారి ఈ లాగుడు, చివర ఉన్న పాత జాయింటు మీద పడుతుంది. అదే డీఐ (డక్టైల్ ఐరన్, పెళుసుగా విరగని పోత ఇనుము) పైపు అయితే నాలుగు మిల్లీమీటర్లు. నీళ్ళు నిండుగా పారుతున్నంతసేపు నల్ల పైపు చల్లగానే ఉంటుంది, మనకి గంట నీళ్ళు, ఇరవై మూడు గంటలు ఎండ.

భూమిలో అయితే హెచ్‌డీపీఈ బంగారం, నేనే వేస్తాను. ఎండలో వేలాడదీయడానికి కాదు. ఎట్టా అయినా అదే కావాలంటే లోపల వేసుకోవడానికి పెద్ద ఇనప పైపు తొడుగులా వెయ్యాలి, అప్పుడు తొడుగు ఖర్చు ఉండనే ఉంది.


ఒంగోలుగిత్త
సోమవారం, మధ్యాహ్నం 2:02

మెలికలు ఉన్నమాట నిజమే. నేను అది వేసినవాడి పనితనం అనుకున్నా.


రిటైర్డ్‌ఫిట్టర్
సోమవారం, రాత్రి 8:50

సైటు బాబు చెప్పింది కరెక్టు. నేనైతే డీఐ పైపే వేస్తా, కానీ అందులోనూ ఒక మెలిక ఉంది, చాలామంది బోల్తాపడేది అక్కడే.

డీఐలో రెండు రకాల జాయింట్లు. ఒకటి సాకెట్లో రబ్బరు రింగు పెట్టి తోసేది. భూమిలో వేయడానికి హాయి. దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు, చుట్టూ ఉన్న మట్టే పట్టి ఉంచాలి. గాలిలో మట్టెక్కడిది? రెండోది ఫ్లాంజు, నట్టుబోల్టులు బిగించేది. కల్వర్టు మీద పోయేచోట ఫ్లాంజే వెయ్యాలి.

పైపు గట్టు దగ్గర పైకి లేచి, కల్వర్టు దాటి, మళ్ళీ కిందికి దిగుతుంది. అంటే నాలుగు బెండ్లు. 150 డీఐ బయట కొలత 170 మిల్లీమీటర్లు, టెస్టు చేసేటప్పుడు ఆరు కిలోల ప్రెషర్ పెడితే 45 డిగ్రీల బెండు మీద ఒక టన్ను తోపు పడుతుంది, తొంభై డిగ్రీల బెండు అయితే రెండు టన్నులకి దగ్గర. బెండు వెనక కాంక్రీటు దిమ్మె లేకపోతే ఆ తోపుకి పైపు సాకెట్లోంచి ఊడి వస్తుంది. ఒక చోట టెస్టు రోజు నేను పక్కనే నిలబడి ఉండగా ఊడింది. నీళ్ళు చిమ్మి నా గొడుగు కాలువలో పడింది, దొరకలేదు. అప్పటినుంచి టెస్టు పెట్టేటప్పుడు బెండు ఎదురుగా ఎవర్నీ నిలబడనిచ్చేవాణ్ణి కాదు.

పైపు కూర్చునే దిమ్మె మీద ఇనుము నేరుగా కాంక్రీటుకి ఆనకూడదు, మధ్యలో మందపాటి రబ్బరు షీటు వెయ్యాలి. లేకపోతే ఆ సందులో నీళ్ళు నిలిచి కిందనుంచి తింటాయి, పైనుంచి రంగు మెరుస్తూనే ఉంటుంది. మనది సముద్రపు గాలి, ఇక్కడ బోల్టులు కూడా గాల్వనైజ్ చేసినవే కావాలి. నల్ల బోల్టు నాలుగేళ్ళలో పిండి అవుతుంది.

ఎత్తయిన చోట ఎయిర్ వాల్వు తప్పనిసరి. పైకి లేచిన పైపులో గాలి చేరి నీళ్ళకి అడ్డం పడుతుంది, అవతలి వీధివాళ్ళు ‘ప్రెషర్ లేదు’ అంటారు. నీళ్ళు ఆపినప్పుడు అదే వాల్వు గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతో ఇంకెక్కడో మురుగు పీల్చే పని తగ్గుతుంది. అందుకే అది మురుగు అందని ఎత్తులోనే ఉండాలి. రెండు గట్ల మీదా నీళ్ళు ఆపే వాల్వు ఒక్కోటి, పల్లంలో పైపు ఖాళీ చేసే వాష్‌అవుట్ ఒకటి. ఈ మూడూ లేకుండా పైపొక్కటే వేసి పోతే మళ్ళీ రిపేరుకి ఊరు మొత్తం నీళ్ళాపాలి.


ఎడగారు
మంగళవారం, పొద్దున 6:30

అందరూ పైపు గురించే మాట్లాడుతున్నారు, కాలువ గురించి ఎవరూ అనడం లేదు. నాకు కోవూరు కాలువ కింద రెండెకరాల మాగాణి ఉంది, నా బాధ నేను చెప్పుకుంటా.

ఒకటి. మన దగ్గర కాలువలో నీళ్ళు లేని రోజులు చాలా తక్కువ. పెద్ద పంట కోతలయ్యి, సోమశిలలో నీళ్ళుంటే వెంటనే ఎడగారు, అంటే రెండో పంట, మొదలు. మధ్యలో దొరికేది కొద్ది రోజులే. ఆ రోజులు చూసుకోకుండా అక్టోబరులో మిషను తెచ్చి గట్టు తవ్వితే మాకు నీళ్ళాగిపోతాయి, లేదా మీకు గుంట నిండిపోతుంది.

రెండు. గట్టు కోసి పైపు వేశాక మట్టి తోసేసి పోతారు. కుదించరు. పైపు ఒంటికీ మట్టికీ మధ్య వెంట్రుకంత సందు చాలు, నీళ్ళు అందులోంచి దారి చేసుకుంటాయి, ఒకరోజు గండి. మా పక్క చేను అట్టానే మునిగింది, నాట్లేసి పది రోజులే అయింది. గట్టులో పైపు పోయేచోట చుట్టూ కాంక్రీటు కాలర్ కట్టాలి, మట్టి జానెడు జానెడు పొర వేసి తడిపి కుదించాలి. ఇరిగేషన్ వాళ్ళు ఎన్‌ఓసీకి లేట్ చేస్తారని అంటున్నారు, వాళ్ళు అడిగేది ఇదే.


సైటుమనిషి
మంగళవారం, పొద్దున 8:15

ఎడగారు బాబాయ్ మాటలకి నా దండం. కాలర్ సంగతి నేను మర్చేపోయా.


మైపాడుగేటు
మంగళవారం, పొద్దున 10:50

ఇంత గొడవెందుకు, కాలువ కిందనుంచి సొరంగంలా దూర్చేస్తారంట కదా? కేబుళ్ళవాళ్ళు హైవే పక్కన ఒక మిషను పెట్టి అటునుంచి ఇటు లాగేస్తున్నారు, నేను కళ్ళారా చూశా, టీ తాగినంతసేపు నిలబడ్డా.


సైటుమనిషి
మంగళవారం, రాత్రి 9:00

దాన్ని హెచ్‌డీడీ అంటారు. మంచి పద్ధతే, హెచ్‌డీపీఈకి సరిగ్గా సరిపోతుంది, గట్టు కొయ్యక్కర్లేదు, ఎండ బాధ లేదు. పెద్ద కాలువ, నాలుగు లైన్ల రోడ్డు అయితే నేను అదే అంటా. కానీ 12 మీటర్ల క్రాసింగుకి మిషను తెచ్చి దించే ఖర్చే పనికన్నా ఎక్కువ. పైగా కిందికి వంగి పోవడానికి అటూ ఇటూ చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి, వీధిలో అంత చోటుండదు. ఇంకోటి, మురుగు కాలువ కిందనుంచి మంచినీళ్ళ పైపు పోవడమంటే నాకు ఇష్టం ఉండదు. సీపీహెచ్‌ఈఈఓ (కేంద్రప్రభుత్వ నీటి సరఫరా ఇంజనీరింగ్ సంస్థ) మాన్యువల్లో మంచినీళ్ళ పైపు మురుగు లైను పైనుంచే, కనీసం అర మీటరు ఎత్తులో దాటాలని ఉంది, పక్కపక్కన పోతే 3 మీటర్ల ఎడం ఉండాలి. క్రాసింగు దగ్గర జాయింటు రాకుండా నిండు పైపు మధ్యభాగం పడేట్టు పెట్టుకోవాలి. కిందనుంచే పోవాల్సి వస్తే ఒకే ముక్కగా వెల్డు చేసిన పైపు, దానికో తొడుగు.

రైలు పట్టాల కిందనుంచి అయితే ఇష్టాయిష్టాలు లేవు, తొడుగు పైపు నెట్టి అందులోంచే పోనివ్వాలి, అదీ రైల్వేవాళ్ళు చెప్పిన లోతులో, వాళ్ళ మనిషి ఎదుట. ఆ కాగితాల ముందు ఇరిగేషన్ ఎన్‌ఓసీ పిల్లాట.


పులుసుచెంబు
మంగళవారం, రాత్రి 9:35

తూముకి అడ్డంగా ఉన్న పైపు గురించి ఇంకోమాట. అది నీళ్ళని పాడుచేయడమొక్కటే కాదు, వీధిని కూడా ముంచుతుంది. గుర్రపుడెక్క, కవర్లు, కొబ్బరి మట్టలు అన్నీ దానికి చిక్కుకుని చిన్న ఆనకట్టలా అవుతాయి. మా కాలనీలో ఒక వానాకాలం ఇంట్లోకి మోకాటి లోతు నీళ్ళు వచ్చాక గానీ కాలువలో అడ్డం ఉన్నది చెత్త కాదు, పైపు అని తెలియలేదు.


ఎడగారు
బుధవారం, పొద్దున 6:10

టీచరమ్మ చెప్పింది నిజం. 2021 నవంబరులో పెన్నా వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి మొత్తం కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, కోవూరు దగ్గర హైవేకే గండి పడింది. అంత ఇనుమూ అంత కట్టా ఆగనిది, తూముకి అడ్డంగా పడుకున్న పైపు ఒక లెక్కా. పైపు ఎప్పుడూ బ్రిడ్జికి దిగువ వైపే ఉండాలి, ఎగువ వైపు పెడితే కొట్టుకొచ్చే మానులన్నీ దానికే తగులుతాయి. ఎత్తు ఎంతుండాలో తెలియాలంటే ఆఫీసు కాగితాలు చూడక్కర్లేదు, కల్వర్టు గోడ మీద ఆ ఏడు బురద మరక ఇంకా ఉంటుంది, దాని మీద మూరెడు.


నిర్వాహకులు
బుధవారం, మధ్యాహ్నం 12:00

పార్టీల పేర్లతో వచ్చిన ఆరు వ్యాఖ్యలు తీసేశాం. పైపు ఏ ప్రభుత్వంలో తుప్పు పట్టింది అన్న చర్చకి వేరే దారం ఉంది, అక్కడికి వెళ్ళండి.


కాలవగట్టు
శుక్రవారం, రాత్రి 9:45

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. చేసినవి చెప్తా.

పెద్దాయన చెప్పినట్టు సుత్తితో తట్టా. ఇవతలి గట్టు దగ్గర గంటలా మోగింది. అవతలి గట్టు దగ్గర మోగలేదు, రేకు డబ్బా మీద కొట్టినట్టు వచ్చింది, ఒక పెళ్ళ ఊడి చేతిలో పడింది. అరచేయంత ఉంది, లోపలి వైపు నల్లగా, గోరుతో గీకితే పెన్సిల్ పొడిలా రాలుతోంది. ఇంకోసారి తట్టడానికి చెయ్యి రాలేదు.

క్లోరిన్ టెస్టు చేయించాం. కల్వర్టుకి ముందు ఇంట్లో పసుపు రంగు బాగా వచ్చింది, దాటాక మూడో ఇంట్లో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. టీచరమ్మ చెప్పినట్టు పక్కపక్కన పెట్టి ఫొటో తీశా. ఎమినిటీస్ సెక్రటరీ చిన్న అమ్మాయి, నా కన్నా ముందు తనే కంగారుపడింది, ఆ రోజే పైకి రాసింది.

కొలతలు: కాలువ మధ్యలో 4.2 మీటర్లు, గట్లతో కలిపి 11.6. మరక రోడ్డు మట్టానికి 70 సెంటీమీటర్లు కిందుంది. ఫొటో, కొలతలు, ఊడిన పెళ్ళ కవర్లో పెట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజుకి పోతున్నా.

ఒక అనుమానం. రెండు వైపులా కొత్త పైపు 160, మధ్యలో డీఐ 150 అంటున్నారు. చిన్నదై ప్రెషర్ తగ్గదా?


సైటుమనిషి
శుక్రవారం, రాత్రి 10:20

తగ్గదు. ఆ నంబర్లు ఒకే చోట కొలిచినవి కావు. హెచ్‌డీపీఈలో 160 అంటే బయట కొలత, గోడ మందం తీసేస్తే మీకు లోపల 145 దాకా ఉంటుంది. డీఐలో 150 అంటే లోపలి కొలత అనుకోండి. అంటే మధ్య ముక్కే కాస్త పెద్దది. ఈ తేడా తెలియకే ట్యూబులు చుడతారు. హెచ్‌డీపీఈ చివర స్టబ్ ఎండ్ (అంచున్న చిన్న ప్లాస్టిక్ ముక్క) వెల్డు చేసి, దాని వెనక ఇనప ఫ్లాంజు తొడిగి, డీఐ ఫ్లాంజుకి బోల్టు వెయ్యాలి. ఆ ముక్క ఎస్టిమేట్‌లో ఉందో లేదో చూసుకోండి, అదే మర్చిపోతారు.

గట్ల మీద మిగిలిన పాత ఏసీ పైపు కొయ్యాల్సి వస్తే పొడిగా రంపం పెట్టనివ్వకండి. అందులో ఉన్నది ఆస్బెస్టాస్, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. తడుపుతూ కొయ్యాలి, వీలైతే ముట్టుకోకుండా భూమిలోనే వదిలెయ్యడం మేలు.


కాలవగట్టు
ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

మర్చిపోయారనుకున్నారా? పని అయింది.

అంత తేలిగ్గా కాలేదులెండి. మొదటిసారి ఎస్టిమేట్‌లో ఎయిర్ వాల్వు లేదు, స్టబ్ ఎండూ లేదు, సైటు అన్న చెప్పినట్టే. ఏఈ గారు మంచాయన, ఈ చర్చ అచ్చు తీసి ఇస్తే చదివి నవ్వి రెండూ కలిపారు. ఇరిగేషన్ వాళ్ళు కాలరూ, మట్టి కుదింపూ షరతు పెట్టారు, ఎడగారు బాబాయ్ ముందే చెప్పాడు కాబట్టి ఎవరం ఆశ్చర్యపోలేదు. కాలువలో నీళ్ళు తగ్గిన తొమ్మిది రోజుల్లో దిమ్మెలు పోశారు.

పైపు దిగువ వైపు, మరక కన్నా రెండడుగులు పైన పోతుంది. టెస్టు పెట్టిన రోజు నేను బెండుకి ఎదురుగా నిలబడలేదు, పక్కనుంచి చూశా. గంటసేపు ప్రెషర్ గేజి ముల్లు కదల్లేదు. తర్వాత బ్లీచింగ్ కలిపి రాత్రంతా ఉంచుతామన్నారు. ఎంత కలపాలో అక్కడున్న కుర్రాడికి తెలియక ఒక గుప్పెడు వేయబోయాడు. టీచరమ్మకి ఫోన్లో మెసేజ్ పెడితే లెక్క కట్టి చెప్పింది: 40 మీటర్ల పైపులో 700 లీటర్ల నీళ్ళు పడతాయి, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ అంటే 35 గ్రాములు, బ్లీచింగ్‌లో మూడో వంతే క్లోరిన్ కాబట్టి వంద గ్రాములకి కాస్త పైన, పాత డబ్బా అయితే ఇంకొంచెం. పొద్దున వాష్‌అవుట్ తిప్పి మొత్తం వదిలేశారు, తర్వాతే ఇళ్ళకి ఇచ్చారు.

ఇప్పుడు అవతలి మూడో ఇంట్లో కూడా పసుపు రంగు వస్తోంది. వాసన లేదు. మా ఆవిడ మాత్రం ఇంకా మరగబెడుతూనే ఉంది.


పులుసుచెంబు
ఆదివారం, సాయంత్రం 6:10

మరగబెట్టనివ్వండి, మంచిదే. వానాకాలం వచ్చాక ఒకసారి మళ్ళీ టెస్టు చేయించండి, ముఖ్యంగా కాలువ నిండుగా ఉన్న రోజున.


రిటైర్డ్‌ఫిట్టర్
ఆదివారం, రాత్రి 8:00

సంతోషం బాబూ. ఆ పాత పైపు ఏం చేశారు? తూములోంచి తీశారా, అక్కడే వదిలేశారా?


కాలవగట్టు
ఆదివారం, రాత్రి 8:25

తీశారు సార్, తూము ఇప్పుడు ఖాళీ. ముక్కలు కోసి గట్టు మీద పడేశారు, వేలం వేస్తారంట. పైపు ముక్కలన్నీ ఉన్నాయి. విచిత్రం ఏందంటే జాయింట్లలో సీసం మాత్రం లేదు. సాయంత్రం చూసినప్పుడు ఉంది, తెల్లారేసరికి లేదు, ఉలి గాట్లు మాత్రం కనపడుతున్నాయి.


రిటైర్డ్‌ఫిట్టర్
ఆదివారం, రాత్రి 8:40

150 సైజు జాయింటుకి మూడు కిలోల పైనే పడుతుంది. నాలుగు జాయింట్లు, పన్నెండు కిలోలకి తక్కువ కాదు. ఆ ఉలి పట్టేవాడు ఊళ్ళో లేడన్నాను కదా, ఒకడు ఉన్నాడు.